బెజవాడ, గుంటూరు చుట్టూ ఉన్న కొండల్లో ఏ నెలలో ఏది ఎక్కాలి

"ఈ ఆదివారం కొండపల్లా, కొండవీడా?" గుంటూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఇదే. వాడు మా బాబాయి కొడుకు. నేనుండేది బెజవాడ. నెలకొక్కసారైనా కలిసి ఏదో ఒక కొండ ఎక్కడం మాకు ఏళ్లుగా అలవాటు. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. ఇప్పుడు ఏ నెల, వెంట ఎవరు వస్తున్నారు, ఎన్ని గంటలకు బయల్దేరగలం అని అడుగుతాను. ఈ మూడూ తేలితే కొండ పేరు దానంతటదే తేలిపోతుంది.

మన వైపు కొండలు తూర్పు కనుమల చివరి తునకలు. ఎత్తుకు భయపడాల్సినవి ఒక్కటీ లేవు. రెండు గంటల్లో ఎక్కి దిగలేని కొండ దాదాపు లేదు. భయపడాల్సింది ఎండకి. రాయి వేడెక్కిందంటే పైనుంచి సూర్యుడు, కింద నుంచి రాయి రెండువైపులా కాలుస్తాయి. అందుకే "ఏ కొండ బాగుంటుంది" అని ఎవరైనా అడిగితే, ఎత్తూ పేరూ పక్కన పెట్టి నీడ ఎక్కడుంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అని చూసుకోమంటాను. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోలు ఎక్కువ భాగం వానల తర్వాత తీసినవి. ఆ పచ్చదనం చూసి ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లు మోడులు చూసి తిరిగొస్తారు.

కొండపల్లా, కొండవీడా

ముందు ఈ పెద్ద తగువు తేలుద్దాం. రెండూ రెడ్డిరాజుల కాలం కోటలే, పద్నాలుగో శతాబ్దం నాటివి. రెండింటికీ ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. కానీ నడిచేవాడికి ఈ రెండూ పూర్తిగా వేరు.

కొండపల్లి బెజవాడకు 20 కిలోమీటర్లు అటూ ఇటూ, ఇబ్రహీంపట్నం దాటాక. బస్సు దొరుకుతుంది, రైల్వే స్టేషన్ కూడా ఉంది. బండి లేనివాళ్లకు ఇదే సుళువు. కోటలో చూడటానికి చాలా ఉంది: దర్గా దర్వాజా, అటు చివర గోల్కొండ దర్వాజా, తానీషా మహల్, గజశాల, రాతి నడుమ లోతైన కోనేరు. చరిత్ర చెబుతూ పిల్లల్ని తిప్పాలంటే కొండపల్లి బాగుంటుంది. దిగేటప్పుడు బొమ్మల కాలనీలో ఆగి, తెల్లపొణికి చెక్కని చెక్కి రంగులేయడం కళ్లారా చూపించొచ్చు. ఆ చెట్టు ఈ కొండల అడవిలోనిదే. ఒకసారి మా అమ్మాయి దశావతారాల బొమ్మలు చేసే పెద్దాయన ముందు గంటసేపు కూర్చుండిపోయింది. కోట చూసినంతసేపు కూడా అలా కూర్చోలేదు.

కొండపల్లికున్న లోటు కూడా చెప్పాలి. కోట పైనుంచి చూస్తే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కళ్లముందే ఉంటాయి. చలికాలం పొద్దున ఆ వైపంతా మసక మసకగా ఉండి, దూరం ఏమీ కనపడదు. దృశ్యం కోసమే ఎక్కేవాళ్లు నిరుత్సాహపడతారు. కోట దగ్గర సెలవు రోజుల్లో జనం కూడా ఎక్కువే.

అసలు కొండపల్లి గొప్పదనం కోట వెనకున్న రిజర్వ్ ఫారెస్టు. కోటకని వెళ్లి అడవి చూడకుండా వచ్చేవాళ్లే ఎక్కువ. అడవిని చూడాలంటే మూలపాడు వైపు నుంచి వెళ్లాలి. అక్కడ అటవీశాఖ సీతాకోక చిలుకల పార్కు ఉంది. అక్కడి నుంచి లోపలికి మట్టి దారులు, వాగులు, చిన్న చిన్న మెట్టలు. ఎండాకాలం రాళ్లు తేలి ఉండే వాగుల్లో సెప్టెంబరుకల్లా నీళ్లు పారుతుంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సీతాకోక చిలుకలు విరివిగా కనిపిస్తాయి. ముఖ్యంగా ముందురోజు వాన పడి, మర్నాడు పొద్దున ఎండ కాస్తే, తడి ఇసుక మీద గుంపులుగా వాలి ఉంటాయి. వాటిని చూడాలంటే మరీ తెల్లవారుజామున వెళ్లి లాభం లేదు. రెక్కలు వేడెక్కితే గానీ అవి ఎగరవు. ఎనిమిది దాటాక మొదలవుతుంది సందడి. నేనెరిగినంతలో మన చుట్టుపక్కల ఆలస్యంగా వెళ్లినా నష్టం లేని నడక ఇదొక్కటే, అదీ నీడ ఉండబట్టి.

అయితే అడవిలోకి వెళ్లేముందు అటవీశాఖ వాళ్లని అడిగి వెళ్లాలి. దారులకు బోర్డులు ఉండవు, వాగు దాటాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మొదటిసారి అయితే దారి తెలిసినవాళ్లతో వెళ్లండి. బెజవాడలో ఆదివారాలు గుంపుగా నడిచేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లతో కలవడం మేలు.

ఇక కొండవీడు. గుంటూరుకు 25 కిలోమీటర్ల చిల్లర. బస్సు మీద ఆధారపడితే ఇబ్బంది, బండో కారో ఉండాలి. ఇది విశాలమైన కొండ. కొండపల్లిలో ఒక భవనం నుంచి ఇంకో భవనానికి నడుస్తాం, కొండవీట్లో గుట్టల మీద నడుస్తాం. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు చెరువులున్నాయి. కొండ మీద చెరువు గట్టున కూర్చోవడం అనే సుఖం మన వైపు మరెక్కడా లేదు. శిథిలమైన గుళ్లు, మండపాలు, గుట్టల అంచులు పట్టుకుని పోయే కోట గోడలు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు ఇది. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలుచుకున్నాడు. ఆ విజయాన్ని చెప్పే శాసనం మంగళగిరిలో ఉంది. రెండూ ఒకే చలికాలంలో చూస్తే ఆ కథ మనసులో అతుక్కుంటుంది.

ఘాట్ రోడ్డు వచ్చాక కొండవీటికి కార్లలో వచ్చి, ఫొటోలు తీసుకుని గంటలో దిగిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. ముసలివాళ్లు పైకి రాగలుగుతున్నారు, అది మంచిదే. కానీ కాళ్లున్నవాళ్లు మాత్రం కింద బండి ఆపి నడిచి ఎక్కండి. రోడ్డు వెంట నడిచినా సరే, మలుపు మలుపుకీ పల్నాడు చదును మరికాస్త విప్పారుతూ కనిపిస్తుంది. ఫిబ్రవరిలో వెళితే కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి చతురస్రాలుగా కనిపిస్తాయి. ఆ ఎరుపు చూడటానికే నేను ఏటా ఒకసారి వెళ్తాను.

కొండవీటిలో నీడ తక్కువ. పొదలు ఎక్కువ, పెద్ద చెట్లు తక్కువ. ఒక ఏడాది మే మొదటి వారంలో, మబ్బుగా ఉంది కదా అని, ఎనిమిదింటికి బయల్దేరి వెళ్లాం. నలుగురికి నాలుగు లీటర్ల నీళ్లు. పది గంటలకు మబ్బు విడిపోయింది. పదకొండుకి నీళ్లయిపోయాయి. మా తమ్ముడికి చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్లు పొడిగా కాలిపోతూ, మాట తడబడింది. మండపం నీడలో పడుకోబెట్టి, కార్లో వచ్చిన ఎవరో ఇచ్చిన నీళ్లతో ఒళ్లంతా తడిపి, వాళ్ల కారులోనే కిందికి దింపి ఆస్పత్రికి తీసుకెళ్లాం. వాడు బాగానే ఉన్నాడు. చెమట ఆగిపోవడం, మాట తడబడటం వడదెబ్బ ముదిరిన గుర్తులని, అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదని ఆరోజు డాక్టరుగారు చెప్పారు. అప్పటినుంచి మార్చి పదిహేను దాటితే కొండవీడు పేరెత్తను.

కాబట్టి నా లెక్క ఇది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మూలపాడు అడవి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొండవీడు. కోట కట్టడాలు చూపించడమే పని అయితే, ఎండాకాలం తప్ప ఎప్పుడైనా కొండపల్లి కోట. రెండిట్లో ఒక్కటే ఎంచుకోమంటే, జనవరిలో కొండవీడు అంటాను, సందేహం లేదు. ఆ నెలలో పొదల్లో రేగుపళ్లు కూడా ఉంటాయి.

చలికాలంలో ఒక్క జాగ్రత్త. దూలగొండి కాయలు ఎండి నూగు రాలేది ఆ రోజుల్లోనే. దారి పక్క తీగకు గోధుమరంగు వెల్వెట్టులా ముద్దుగా వేలాడుతుంటాయి, పిల్లలు పట్టుకోబోతారు. ముందే చూపించి చెప్పండి. నూగు అంటితే గోకవద్దు, రుద్దవద్దు. ఆవుపేడ నీళ్లు పట్టించి ఆరాక కడిగేయడం మన పల్లెల్లో చేసే పని. ప్లాస్టర్ టేపు అంటించి లాగినా నూగు ఊడి వస్తుంది.

మెట్ల కొండలు

అడవి దారులు, గుట్టలు వద్దు, చక్కగా మెట్లుంటే చాలు అనుకునేవాళ్లకు మంగళగిరి, కోటప్పకొండ ఉన్నాయి. కొత్తగా నడక మొదలుపెట్టేవాళ్లకు, ముఖ్యంగా ఆఫీసుల్లో రోజంతా కూర్చునేవాళ్లకు నేను మంగళగిరినే చెబుతాను. బెజవాడకూ గుంటూరుకూ మధ్యలో, హైవే మీదే ఉంటుంది. ఎప్పుడంటే అప్పుడు బస్సు. పానకాల స్వామి గుడి దాకా ఆరువందల మెట్ల పైచిలుకు. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కూర్చోవచ్చు. పైన పానకం ప్రసాదం దొరుకుతుంది. ఎక్కి వచ్చిన ఒంటికి బెల్లం నీళ్లంత మంచిది ఇంకేముంది? స్వామి సగం తాగి సగం మనకి మిగులుస్తాడని, ఇంత బెల్లం పోసినా చీమ కనపడదని పెద్దవాళ్లు చెబుతారు.

ఓపిక ఉంటే అక్కడ ఆగకుండా శిఖరం మీది గండాల దీపం దాకా పోండి. గుడి వరకూ ఎక్కి దిగేవాళ్లకు మంగళగిరి చిన్నదనిపిస్తుంది, శిఖరం ఎక్కినవాళ్లకు అనిపించదు. పైనుంచి గాలిగోపురం కింద బొమ్మలా కనిపిస్తుంది. 11 అంతస్తుల ఆ గోపురాన్ని 1807, 1809 మధ్య వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు. కిందికి దిగాక దాని మొదట్లో నిలబడి తలెత్తి చూస్తే, ఇప్పుడే దీన్ని పైనుంచి చూశామా అనిపిస్తుంది. కొండ మీది గుడిలో సాయంత్రం దర్శనం ఉండదు, రాత్రిళ్లు దేవతలు వచ్చి పూజిస్తారని నమ్మకం. కాబట్టి మధ్యాహ్నం తర్వాత వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

కోటప్పకొండ దూరం. గుంటూరు నుంచి నరసరావుపేట దాదాపు 45 కిలోమీటర్లు, అక్కడి నుంచి మరో 12, 13. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని త్రికూటం అంటారు. గుడి ఉన్నది బ్రహ్మ శిఖరం మీద, పాపనాశనం దొన (రాతిలో నీళ్లు నిలిచే గుంట) ఉన్నది విష్ణు శిఖరం మీద, పాత కోటప్ప ఉన్నది రుద్ర శిఖరం మీద. చాలామంది గుడి చూసి వచ్చేస్తారు. నడిచేవాళ్లకి అసలు ప్రయాణం పాత కోటప్ప దగ్గరకి పోవడమే. అక్కడ జనం ఉండరు, గాలి ఉంటుంది. కాకులు వాలని కొండ అని దీనికి పేరు. పాతకోటప్ప దగ్గర కూర్చుని ఉన్నంతసేపూ మా నాన్నగారు ఆకాశం వైపే చూస్తూ ఉంటారు, ఒక్కటైనా కనపడుతుందేమోనని.

ఇంట్లో మూడు తరాలూ కలిసి వెళ్లాలంటే కోటప్పకొండకు సాటి లేదు. ఘాట్ రోడ్డు మీద పెద్దవాళ్లు కారులో పైకి వస్తారు, పడుచువాళ్లు మెట్లెక్కుతారు, పిల్లలకు దారిలో పార్కు ఉంది. పైన అందరూ కలుస్తారు. మంగళగిరికీ ఘాట్ రోడ్డు ఉంది గానీ అక్కడ పైన ఇంత చోటు లేదు. కార్తీక మాసంలో వనభోజనాలకు కోటప్పకొండే వెళ్తాం మేము. నడక కోసం అయితే మహాశివరాత్రి ముందూ వెనకా వారం రోజులు వదిలేయండి. ఆకాశమంత ఎత్తున కట్టి అలంకరించిన ప్రభలు చూడటానికి ఆ రోజు తప్పక వెళ్లాలి, అది వేరే విషయం. ఆ జనసముద్రంలో కొండ దారి నడవడం కుదరదు. కోతులు అన్నిచోట్లా ఉన్నాయి గానీ ఇక్కడ చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి. తినేవన్నీ సంచి లోపల పెట్టి జిప్పు వేసుకోండి.

ఊరు దాటే తీరిక లేకపోతే

బెజవాడ స్టేషన్ పక్కనే గాంధీ కొండ ఉంది. పూర్వం ఓర్ కొండ అనేవారు. పైనున్న 52 అడుగుల గాంధీ స్తూపాన్ని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. పొద్దునపూట అరగంట నడకకు చాలు. రైలు రావడానికి రెండు గంటలుంటే, ప్లాట్‌ఫామ్ మీద కూర్చునే బదులు అక్కడికి వెళ్లడం నాకు ఇష్టం.

బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. నాలుగు అంతస్తుల్లో కొండని తొలిచిన గుహాలయం, పడుకున్న అనంతపద్మనాభుడి నిలువెత్తు కన్నా పెద్ద శిల్పం. ఇది నడక కాదు, ఎక్కడం అసలే కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లి, పై అంతస్తు వరండాలో కూర్చోబెట్టి పొలాలు చూపించొచ్చు. గాంధీ కొండా ఉండవల్లీ రెండింటిలో ఒక పూటకు ఏది అంటే ఉండవల్లి.

వానాకాలం మాట

జూన్ మధ్య నుంచి కొండలకు ప్రాణం లేచి వస్తుంది. ఆగస్టుకి ఎటు చూసినా పచ్చన. చూడాలనిపించేది అప్పుడే, ప్రమాదమూ అప్పుడే. మన కొండరాయి చాలాచోట్ల పగుళ్లు బారి, మట్టితో కలిసి ఉంటుంది. రెండు మూడు రోజులు ఆగకుండా కురిస్తే నీళ్లు పగుళ్లలోకి దిగి, రాళ్లు ఊడి జారతాయి. 2024 ఆగస్టు ఆఖరున మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషుల ప్రాణాలు పోయాయి. ఇంద్రకీలాద్రి మీద కూడా 2020లో చరియ విరిగిపడింది. అందుకని ముసురు పట్టిన రోజుల్లో ఏ కొండా వద్దు. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాశాక వెళ్లండి. నిట్టనిలువు రాతిగోడ కింద ఆగి భోజనాలు చేయవద్దు. వాగు దాటేముందు పైన మబ్బు చూడండి. కింద ఎండ కాస్తున్నా, ఎగువన కురిస్తే పది నిమిషాల్లో మోకాలి లోతు నీళ్లు నడుములోతు అవుతాయి. గడ్డి ఎత్తుగా పెరిగే రోజులు కాబట్టి రక్తపింజరి కనపడదు. చేతికర్రతో ముందు గడ్డి తడుతూ నడవండి, చెప్పులతో మాత్రం వెళ్లకండి.

వానాకాలానికి నా మొదటి ఎంపిక కొండ కాదు, ఎత్తిపోతల. మాచర్ల దాటి, నాగార్జునసాగర్‌కు దగ్గర్లో చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే సాగర్ కూడా కలిపి ఒక రోజు పని. కింద మడుగులో మొసళ్లున్నాయి, నీళ్లలోకి దిగే ఆలోచన కలలో కూడా వద్దు. సాగర్ గేట్లు ఎత్తారని పేపర్లో పడిన ఆదివారం మాత్రం వెళ్లకండి, రోడ్డు మీదే పొద్దుపోతుంది. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టగలిగితే అదే మంచిది.

ఎండాకాలంలో

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ రోజుల్లో మంగళగిరి మెట్లొక్కటే నా జాబితాలో ఉంటుంది, అదీ ఐదుంపావుకు మొదటి మెట్టు మీద ఉంటేనే. మేలో ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది. ఏడున్నరకు కింద ఉండాలి. అంత పొద్దున లేవలేమనుకుంటే రెండు నెలలు మానేయండి, నష్టం లేదు. అడవి దారులు అసలు వద్దు. ఆకు రాలి ఎండి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోవడానికి. మార్చిలో మాత్రం ఒక్కసారి మూలపాడు పోయి మోదుగ పూలు చూసి రండి.

ఎక్కలేనివాళ్లని ఇంట్లో వదిలేయకండి

మా పెద్దమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఆవిడని తీసుకెళ్లగలిగే చోటు వెతికితే ఉప్పలపాడు దొరికింది. గుంటూరు పక్కనే చిన్న ఊరి చెరువు. చెరువు మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు వందలకొద్దీ గూళ్లు కట్టుకుని ఉంటాయి. గట్టు మీద కూర్చుంటే చాలు. ఊరివాళ్లు ఆ పక్షుల్ని తమ ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్తే, మేతకు పోయినవి గుంపులు గుంపులుగా తిరిగొచ్చి వాలడం చూడొచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు ఎప్పుడైనా సరే.

బెజవాడ వాళ్లు ఇంకాస్త దూరం పోగలిగితే కైకలూరు దగ్గర ఆటపాక, అంటే కొల్లేరు. గూడబాతుల కోసం నీళ్లలో కట్టిన ఇనుప మంచెల మీద అవి గూళ్లు పెడతాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. చూడటానికి ఉప్పలపాడు కన్నా చాలా పెద్దది, కానీ పక్షులు దూరంగా ఉంటాయి, బైనాక్యులర్స్ ఉండాలి. దగ్గరగా, తీరిగ్గా చూడాలంటే ఉప్పలపాడు. ముసలివాళ్లకూ చిన్నపిల్లలకూ అదే. ఇద్దరు స్నేహితులు రోజంతా తిరగాలంటే ఆటపాక.

సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చలికాలమైనా సరే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఒక సీసా, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు. తువ్వాలు తప్పనిసరి. తడిపి మెడకు చుట్టుకుంటే సగం ఎండ పోతుంది. పులిహోర చలికాలంలో సరే, ఎండాకాలంలో దద్దోజనం కూడా రెండు గంటల్లో పులిసిపోతుంది. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క, అరటిపళ్లు చాలు. ఫోను నిండా చార్జింగ్, ఇంట్లో ఒకరికి ఏ కొండకు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో చెప్పిన మాట. తెచ్చిన ప్లాస్టిక్కు తిరిగి తీసుకుపోవడానికి ఒక ఖాళీ సంచి. కొండవీటి చెరువు గట్టున మేము ఏటా ఆ సంచి నింపుకునే దిగుతాం, అందులో మావి రెండు సీసాలే ఉంటాయి.

ఈ కార్తీకంలో మా తమ్ముడూ నేనూ పిల్లల్ని తీసుకుని మూలపాడు వెళ్లాలనుకుంటున్నాం. ముందురోజు చినుకు పడితే బయల్దేరతాం, ముసురు పడితే వారం వాయిదా.